విట్బీ: పోయినవాళ్ళ మీద బతికే రేవు

మే 26, సోమవారం: నూనె తంటా

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో విట్బీ అనే ఊరుంది. జనాభా దాదాపు 13 వేలు, అంటే మన దగ్గర ఓ మేజర్ పంచాయతీ పాటి. ఎస్క్ అనే చిన్న నది ఊరిని నిలువునా చీల్చుకుంటూ వచ్చి సముద్రంలో పడుతుంది. నదికి తూర్పున ఒక గట్టు, పడమర ఒక గట్టు. తూర్పు గట్టు మీద పాడుబడ్డ మఠం, పాత చర్చి, సమాధులు. పడమటి గట్టు మీద హోటళ్ళు, పచ్చిక, ఐస్‌క్రీం బళ్ళు. కింద రెంటినీ కలుపుతూ వందేళ్ళు దాటిన వంతెన ఒకటి. పడవ వచ్చినప్పుడల్లా అది రెండు ముక్కలై పక్కకు తిరుగుతుంది. అటువాళ్ళు అటూ ఇటువాళ్ళు ఇటూ ఆగిపోతారు. ఎవరికీ కోపం రాదు. అందరూ ఫోన్లు తీసి వీడియో పట్టుకుంటారు.

యార్క్‌లో చదువుతున్న మా మేనకోడలు చిన్ని నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. "లండన్ అందరూ చూస్తారత్తా, నీకు సముద్రం ఉన్న ఊరైతేనే మనసు పడుతుంది" అంది. కాకినాడ మనిషిని, నిజమే. బస్సు టిక్కెట్టు 3 పౌండ్లు మించకూడదని ప్రభుత్వం 2025లో పరిమితి పెట్టిందట. ఆ 3 పౌండ్లకే రెండు గంటల పైచిలుకు కొండలూ, గొర్రెలూ, ఎర్రగా మాడినట్టున్న తుప్పల మైదానాలూ చూపించింది బస్సు.

దిగేసరికి తీర్థంలా ఉంది జనం. బ్యాంకు సెలవు, అంటే ఇక్కడ దేశమంతటికీ సెలవు, పైగా బడి సెలవుల వారం. ఆకలి మీద చేపలు, చిప్స్ కొట్టు ముందు వరసలో నిలబడ్డాం. నా వంతు రాబోతుండగా చిన్ని చెవిలో ఊదింది: "అత్తా, ఇక్కడ గొడ్డు కొవ్వులో వేయిస్తారు." ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో అది తరాల నాటి ఆనవాయితీ. రుచి దానివల్లే వస్తుందని వాళ్ళ గట్టి నమ్మకం. చేపకు మా ఇంట్లో అడ్డు లేదు గానీ అదిమాత్రం ముట్టం. వరస నుంచి బయటికొచ్చి కొట్టు కొట్టుకూ వెళ్ళి "ఏ నూనె?" అని అడగడం మొదలుపెట్టాం. ఎవరూ విసుక్కోలేదు. ఒక కొట్టాయన అయితే తన దగ్గర కొవ్వే వాడతామని చెప్పి, మాతోపాటు వీధిలోకి వచ్చి, మామూలు నూనె వాడే కొట్టు ఎక్కడుందో చెయ్యి చాపి చూపించాడు. వెనక వరస ఆగిపోయి ఉంది. ఆ వరస కూడా ఏమీ అనలేదు!

చివరికి దొరికింది హేడక్ అనే చేప. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల కాడ్ తింటారుగానీ ఈ తీరంలో హేడక్‌దే పెద్దపీట. అరచేతి రెండింతలున్న ముక్క, పైన బంగారు రంగు పిండి పొర, లోపల తెల్లగా పొరలు పొరలుగా విడిపోయే కండ. ఉప్పు, వెనిగర్ తప్ప ఇంకేమీ లేదు. కారం లేదని మొదటి ముద్దకు బాధపడ్డాను, మూడో ముద్దకు మరిచిపోయాను. మూకుడులో రాలిన కరకరలాడే పిండి తునకల్ని స్క్రాప్స్ అంటారు. అడిగితే ఊరికే ఇస్తారు. పక్కన పచ్చబఠానీల ముద్ద మాత్రం పథ్యం తిండి. ఇద్దరికీ 26 పౌండ్లు, మన డబ్బులో దాదాపు 3 వేలు. చిన్ని చేతిలోని ముక్కను సముద్రపు కాకి ఒకటి వెనకనుంచి వచ్చి తన్నుకుపోయింది. "పక్షులకు మేత వేయకండి" అన్న బోర్డు కిందే నిలబడి ఉన్నాం మేం.

బస చేసిన ఇంటావిడకు అరవై దాటి ఉంటాయి. రాత్రికి 95 పౌండ్లు, ఉదయం టిఫినుతో. గది చూపించి, "తూర్పు గట్టుకి పొద్దున్నే వెళ్ళండి. పది దాటితే మెట్లమీద నిలబడటానికి చోటుండదు" అని చెప్పింది.

మే 27, మంగళవారం: తూర్పు గట్టు

మెట్లు 199. ఊళ్ళో ప్రతివాడూ ఆ అంకె చెప్తాడు. పిల్లలు పైకి ఎక్కుతూ గట్టిగా లెక్కపెడుతున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వస్తోంది. మధ్యమధ్య వెడల్పాటి చదునులు, వాటి పక్కన బల్లలు. ఎక్కి అలిసినవాళ్ళకోసం అనుకుని కూర్చున్నాను. శవపేటికలు మోసుకెళ్ళేవాళ్ళు దింపుకుని ఊపిరి పీల్చుకోవడానికి వేసిన చదునులట అవి. పక్కనే వాలుగా గుర్రాల దారి ఉన్నా, మెట్లమీదుగా మోసుకెళ్ళడమే గౌరవమని ఎక్కువమంది అనుకునేవాళ్ళట.

పైన సెయింట్ మేరీ చర్చి. బయట చూస్తే మొరటు రాతికట్టడం. లోపల అడుగు పెడితే ఓడ లోపలికి వచ్చినట్టుంది. చెక్క పనివాళ్ళ ఊరు కదా, గుడినీ అలాగే కట్టుకున్నారు. తలుపులున్న చెక్క గదుల్లాంటి కూర్చునే చోట్లు, ఒక్కో కుటుంబానికి ఒక్కోటి. మధ్యలో మూడంతస్తుల ఉపన్యాస పీఠం, దాని వెనక రెండు పొడవాటి బూరలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఫాదరీ గారి భార్యకు చెవుడు, ఆయన ప్రసంగం ఆవిడకు వినపడటానికి పెట్టించినవి. కొన్ని బల్లల తలుపుల మీద "పరాయివాళ్ళకు మాత్రమే" అని రాసి ఉంది. మేం వెళ్ళి అందులోనే కూర్చున్నాం. హక్కుగా దొరికిన సీటు కదా.

తలుపు దగ్గర ఇంకో కాగితం: రక్తపిశాచి సమాధి ఎక్కడని సిబ్బందిని అడగవద్దు, అలాంటిది లేదు అని. సంగతేమిటంటే, 1890లో బ్రామ్ స్టోకర్ అనే ఐరిష్ రచయిత పడమటి గట్టుమీద గది తీసుకుని కొన్నాళ్ళుండి, ఇక్కడి లైబ్రరీలో దొరికిన డ్రాక్యులా అనే పేరు పట్టుకుని నవల రాశాడు. అందులో పిశాచి ఓడ ఈ రేవుకే కొట్టుకొస్తుంది. ఆ నవల పుణ్యాన నల్ల బట్టలు, నల్ల లిప్‌స్టిక్ వేసుకున్న జనం ఏటా ఇక్కడికి వస్తూనే ఉన్నారు. కల్పనలో చచ్చినవాడికోసం వచ్చినవాళ్ళు నిజంగా చచ్చినవాళ్ళ సమాధులమీద కూర్చుని ఫోటోలు దిగుతున్నారు.

ఆ సమాధిరాళ్ళు చూడాలి. ఇసకరాయి కావడంతో ఉప్పుగాలికి అరిగి తేనెపట్టులా తొర్రలు పడ్డాయి. చాలావాటి మీద ఒక్క అక్షరం మిగల్లేదు. కొన్ని రాళ్ళకింద అసలు మనిషే లేడు, సముద్రంలో పోయినవాళ్ళకు గుర్తుగా పాతినవి. ఉన్నవాళ్ళకూ భరోసా లేదు. గట్టు మెత్తటి పొరల రాయి, ఏటా కొంచెం కొంచెం విరిగి పడుతుంది. 2013లో చరియ జారినప్పుడు సమాధుల్లోంచి ఎముకలు బయటపడి కింద వీధి దిక్కుకు వచ్చాయి.

మఠం టిక్కెట్టు మనిషికి 10 పౌండ్లు దాటింది. చిన్ని విద్యార్థి కార్డు చూపించి కొంత తగ్గించుకుంది. పైకప్పు లేదు, నిలువెత్తు కిటికీల్లో అద్దాలు లేవు, ఆకాశం కనిపిస్తుంది. ఇప్పుడున్న గోడలు తర్వాతి కాలానివి. అసలు మఠం 657లో వెలిసింది. మగ సన్యాసులూ ఆడ సన్యాసినులూ కలిసి ఉన్న ఆ మఠానికి అధిపతి ఒక స్త్రీ, పేరు హిల్డా. రాజులు ఆవిడ దగ్గరికి సలహాకు వచ్చేవాళ్ళట. పశువుల కొట్టంలో పనిచేసే కేడ్మన్ అనేవాడు పాట రాదని విందుల్లోంచి లేచిపోయేవాడు. ఒక రాత్రి కలలో ఎవరో పాడమంటే తొమ్మిది పాదాల స్తుతి పాడాడట. ఇంగ్లీషులో పేరు తెలిసిన మొదటి కవి ఆయనే. హిల్డా ఆ పసులకాపరిని పిలిపించి, విని, మఠంలో చేర్చుకుంది. వాడిని తరిమెయ్యకుండా విన్నదే, అక్కడ ఆవిడ నాకు నచ్చింది.

664లో ఇక్కడే పెద్ద సభ జరిగింది. ఈస్టర్ ఎప్పుడు చేసుకోవాలన్నదే తగువు. ఐర్లండ్ వైపు క్రైస్తవులది ఒక లెక్క, రోమ్ వాళ్ళది ఇంకో లెక్క. రాజు ఓస్వీ ఐరిష్ పద్ధతి, రాణిది రోమ్ పద్ధతి. దాంతో ఒకే కోటలో రాజుగారికి పండగ, రాణిగారికి ఇంకా ఉపవాసం. రెండు పంచాంగాల మధ్య నలిగిన తెలుగువాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చివరికి రాజు రోమ్ వైపు తీర్పు చెప్పాడు. హిల్డా ఓడిపోయిన పక్షాన ఉంది, అయినా తీర్పుకు తలవంచింది. ఇంగ్లండ్ మతం ఎటు వెళ్ళాలో ఈ గాలి గుట్టమీద తేలిపోయింది.

తర్వాత 867లో డెన్మార్క్ వైపు నుంచి డేన్లు వచ్చి పాడుచేశారు. మళ్ళీ కట్టారు. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించాడు. 1830లో నడిమి గోపురం కూలింది. 1914 డిసెంబర్ 16న జర్మన్ యుద్ధ ఓడలు ఊరిమీద గుళ్ళు కురిపిస్తే పడమటి గోడకు దెబ్బ తగిలింది. ఇన్ని జరిగినా మొండిగోడలు నిలబడే ఉన్నాయి. నావికులకు దూరంనుంచి గట్టు గుర్తుపట్టడానికి అవి పనికొచ్చాయి మరి.

మే 28, బుధవారం: కంచె, నల్లపూసలు

ఉదయం టిఫిన్ బల్ల దగ్గర ఇంటావిడ "ఇవాళ పెన్నీ హెడ్జ్, తొమ్మిదికి, తప్పకుండా చూడండి" అంది. ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజు క్రీస్తు స్వర్గారోహణ పండగ. దానికి ముందురోజు జరిగే తంతు ఇది. హెడ్జ్ అంటే కంచె.

1159 నాటి కథ చెప్తారు. ముగ్గురు జమీందార్లు అడవిపందిని తరిమితే అది ఒక ముని గుడిసెలో దూరిందట. ముని తలుపు వేసేశాడట. వాళ్ళు కోపంతో ఆయన్ని చావబాదారు. ప్రాణం పోయేముందు ఆయన వాళ్ళను క్షమించి, ఒక షరతు పెట్టాడు. ఏటా ఇదే రోజు, పెన్నీ ఖరీదు చేసే కత్తితో కర్రలు కొట్టి, వీపున మోసుకొచ్చి, రేవు బురదలో కంచె కట్టాలి. మూడుసార్లు వచ్చే సముద్రపు పోటుకు అది నిలవాలి. కట్టకపోయినా, నిలవకపోయినా భూములు మఠానికి పోతాయి. కథ నిజమా కాదా అన్నది చరిత్రకారులకు వదిలేద్దాం. మఠమే లేకుండా పోయి దాదాపు అయిదు వందల ఏళ్ళయింది, కంచె మాత్రం ఇంకా కడుతున్నారు.

చర్చ్ స్ట్రీట్ వెనక, రేవు లోపలి ఒడ్డున ఓ వందమంది గుమిగూడారు. నీళ్ళు తీస్తున్నాయి. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లేసుకున్న ఇద్దరు బురదలో గూటాలు దిగ్గొట్టి, సన్నటి కొమ్మలు అడ్డంగా అల్లారు. మా వైపు దొడ్డికి వేసే దడి అంతే. పనయ్యాక పాత కొమ్ము బూర ఊది "ఔట్ ఆన్ యే!" అని మూడుసార్లు అరిచారు. మీకు సిగ్గులేదా అని తిట్టడమన్నమాట. ఎవరిని తిడుతున్నారో, ఎనిమిది వందల ఏళ్ళ కిందటి వాళ్ళని! జనం చప్పట్లు కొట్టి కాఫీలకు పోయారు. నా పక్కన కుక్కతో నిలబడ్డ పెద్దాయన, "మా నాన్న భుజాలమీద కూర్చుని చూశాను, ఇప్పుడు మనవడికి చూపిద్దామంటే వాడు ఫోన్ వదలడు" అన్నాడు. మనవడు నిజంగానే ఫోన్లోంచి తల ఎత్తలేదు.

తర్వాత చర్చ్ స్ట్రీట్. గులకరాళ్ళు పరిచిన ఇరుకు వీధి, అటూ ఇటూ నడవా సందులు. ఒక సందు పేరు ఆర్గ్యుమెంట్స్ యార్డ్. ఆ ఇంటిపేరు గలవాళ్ళు ఒకప్పుడు అక్కడుండేవాళ్ళట. రేవుకు అడ్డదారని చిన్ని ఒక సందులోకి తీసుకెళ్ళింది. అది మెట్లు దిగి తిన్నగా నీళ్ళలోకి పోయింది. వెనక్కి తిరిగి వస్తుంటే గమనించాను, ప్రతి తలుపు పక్కనా అంకెలు నొక్కే చిన్న పెట్టె. తాళంచెవి పెట్టెలు. అంటే ఆ ఇంట్లో కాపురం ఉండేవాళ్ళు లేరు, వారానికొకరికి అద్దెకిస్తున్నారు. సందు మొత్తంలో కిటికీలో పూలకుండీ, బట్టల తీగె ఉన్న ఇల్లు ఒక్కటి కనిపించింది.

వీధి నిండా జెట్ దుకాణాలు. జెట్ అంటే ఈ గట్లలో దొరికే నల్లటి రాయి, నిజానికి రాయి కాదు, జురాసిక్ కాలంలో సముద్రంలో మునిగిన చెట్ల కలప కోట్ల ఏళ్ళ బరువుకింద నల్లబడి గట్టిపడింది. చేతిలోకి తీసుకుంటే బరువుండదు, గాజులా చల్లగా ఉండదు. గరుకు పింగాణీ మీద గీస్తే గోధుమరంగు చార వస్తే అసలుది. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి దుఃఖవస్త్రాలు వదల్లేదు. దర్బారులో నల్లటి నగ తప్ప ఇంకోటి కుదరదంది. రాణి ఏడిస్తే దేశమంతా అదే ఫ్యాషన్ అయింది. ఈ చిన్న ఊళ్ళో వెయ్యిమందికి పైగా జెట్ చెక్కి బతికారు. ఫ్యాషన్ మారాక, నల్లగాజు పూసలు చవగ్గా వచ్చాక, ఆ పని కుప్పకూలింది. చావువల్ల వచ్చిన సిరి, చావు ఫ్యాషన్ పోగానే పోయింది.

దుకాణంలో ఉన్నావిడ నా మెడకేసి చూస్తూ "అది జెట్టా?" అని అడిగింది. నల్లపూసలు. ముట్టుకోవచ్చా అని అడిగి మరీ వేలితో తాకింది. "భర్త ఉన్నావిడ వేసుకునేవి" అని చిన్ని చెప్పేసరికి ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. ఆవిడ అద్దాల బల్లలో సరిగ్గా అలాంటి పూసల దండే ఉంది, దాని కింద "విధవల హారం, 1870 ప్రాంతం" అని చీటీ. కాసేపు ముగ్గురం ఆ రెండు దండలనీ మార్చి మార్చి చూశాం. కొందామనుకున్న చెవిదిద్దులు 48 పౌండ్లు. కొనలేదు. ధర ఒక కారణం, రెండోది మా అత్తగారు.

గ్రేప్ లేన్‌లో కెప్టెన్ కుక్ ఉన్న ఇల్లు మ్యూజియంగా ఉంది. ఇంటి మీద 1688 అని చెక్కి ఉంది. 1746లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, కూలివాడి కొడుకు కుక్ ఇక్కడి ఓడ యజమాని జాన్ వాకర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. చలికాలం అటకమీద మిగతా కుర్రాళ్ళతో పడుకుని కొవ్వొత్తి వెలుగులో చదువుకునేవాడని చెప్పారు. అటక ఎక్కి చూశాను, దూలాలు ఓడ పక్కటెముకల్లా ఉన్నాయి. ఆయన పసిఫిక్ తిరిగిన ఎండెవర్ కూడా ఇక్కడ 1764లో బొగ్గు మోయడానికి కట్టిన పడవే. అడుగు చదునుగా ఉంటుంది గనక ఇసకమీద కూర్చోబెట్టినా ఒరగదు. తెలియని తీరాలకు వెళ్ళేవాడికి అంతకన్నా కావలసిందేముంది. అయినా ఆ మ్యూజియంలో గోడల నిండా సాహసమే. ఆ తీరాలమీద అప్పటికే ఉన్నవాళ్ళకు ఏమైందో ఒకటి రెండు బల్లలకే సరిపెట్టారు.

సాయంత్రం ఇంటావిడను తాళంచెవి పెట్టెల గురించి అడిగాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది. 2022లో ఊరివాళ్ళు ఓటు వేసుకున్నారట, కొత్తగా కట్టే ఇళ్ళు ఇక్కడే ఏడాది పొడుగునా ఉండేవాళ్ళకే అమ్మాలని. 93 శాతం అవునన్నారు. ఎవరూ పాటించి తీరాలన్న కట్టుబాటు లేని ఓటు అది. 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్ళ మీద స్థానిక పన్ను రెట్టింపు చేశారు. "మా అమ్మాయి నర్సు. మిడిల్స్‌బరో నుంచి బస్సులో వస్తుంది నన్ను చూడ్డానికి. పుట్టిన ఊళ్ళో ఇల్లు కొనలేకపోయింది" అంది. కాస్త ఆగి, "నేనూ గదులు అద్దెకిస్తున్నాననుకో" అని తనే నవ్వేసింది.

మే 29, గురువారం: పడమటి గట్టు

పొద్దున లేచేసరికి ఎదురుగా ఉన్న మఠం మాయమైంది. సముద్రంమీంచి తెల్లటి పొగమంచు దిగి రేవునంతా కప్పేసింది. మే నెలాఖరుకు స్వెటర్ మీద కోటు.

గట్టు పైన తిమింగలం దవడ ఎముకలు రెండు నిలబెట్టి ద్వారం చేశారు. ఇప్పుడున్నవి 2003లో అలాస్కా నుంచి వచ్చినవి, అంతకు ముందువి అరిగిపోయాయి. 1753 నుంచి 1837 దాకా ఈ ఊరి ఓడలు ఆర్కిటిక్ వెళ్ళి తిమింగలాలు వేటాడాయి. విలియం స్కోర్స్‌బీ అనే ఒక్క కెప్టెనే 533 కొట్టాడని లెక్క. తెరచాప కొయ్యమీద పీపా కట్టి అందులో మనిషిని నిలబెట్టి దూరం చూడటం ఆయన కనిపెట్టిందే. ఆ రోజుల్లో రేవంతా తిమింగలం కొవ్వు కాచిన వాసనేనట.

పానెట్ పార్కులో ఊరి మ్యూజియం ఉంది. దుమ్ము పట్టిన పెద్దింటి అటకలా ఉంటుంది, ఏది ఎందుకుందో తెలీదు, అన్నీ కావాలనిపిస్తాయి. ఎండబెట్టిన మనిషి చెయ్యి ఉంది, దొంగలు మంత్రంగా వాడేవాళ్ళట. మెర్రీవెదర్ అనే ఇక్కడి డాక్టరు 1851 లండన్ ప్రదర్శనకు తీసుకెళ్ళిన తుఫాను యంత్రం నమూనా ఉంది. పన్నెండు సీసాల్లో పన్నెండు జలగలు. తుఫాను వచ్చేముందు అవి పైకి పాకి మీట కదిపితే గంట మోగుతుంది. ఎన్ని గంటలు మోగితే అంత తుఫాను. తుఫాను హెచ్చరికలకి ప్రభుత్వం ఇదే వాడాలని ఆయన పట్టుబట్టాడు. ఎవరూ వినలేదు. చిన్ని నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

నేను మాత్రం ఒక అద్దాల బీరువా దగ్గర ఆగిపోయాను. లోపల చుట్టలు చుట్టుకున్న నల్లటి శిలాజాలు, అమ్మోనైట్‌లు. హిల్డా ఈ గట్టుమీది పాముల్ని తలలు తెగ్గొట్టి రాళ్ళుగా మార్చేసిందని ఇక్కడి ఐతిహ్యం. తలలు లేవేమని యాత్రికులు అడుగుతారు కదా, అందుకని విక్టోరియా కాలపు పనివాళ్ళు పాము తలలు చెక్కి మరీ అమ్మారు. ఊరి చిహ్నంలోనూ మూడు పాముచుట్టలే. ఒక జాతికి శాస్త్రజ్ఞులు హిల్డా పేరే పెట్టారు. మా పుట్టింట్లో దేవుడి పెట్టెలో ఉన్నదీ ఇదే, సాలగ్రామం. గండకీ నదిలో దొరికేవీ ఇలా సముద్రజీవి రాయిగా మారినవే. అక్కడ ఆ సుడి విష్ణుచక్రం, ఇక్కడ పాము. మా అమ్మ దానికి రోజూ నీళ్ళు పోసి తులసి పెట్టేది. బీరువా ముందు నిలబడితే చెయ్యి దానంతటది జోడించబోయింది. పక్కన స్కూలు పిల్లలుంటే ఆపుకున్నాను.

మధ్యాహ్నం లైఫ్‌బోట్ మ్యూజియం. తెడ్లతో నడిచే పాత పడవ ఉంది లోపల. 1861 ఫిబ్రవరి 9 తుఫానులో ఈ ఊరి జాలర్లు ఒకే రోజు ఓడ తర్వాత ఓడ దగ్గరికి వెళ్ళి జనాన్ని కాపాడుకొచ్చారు. ఆఖరుసారి వెళ్ళినప్పుడు పడవ తిరగబడి పదమూడు మందిలో పన్నెండు మంది పోయారు. మిగిలినవాడు హెన్రీ ఫ్రీమన్, కొత్తగా వచ్చిన బెండు కోటు తొడుక్కున్నది అతనొక్కడే. ఒడ్డున నిలబడ్డ ఇళ్ళవాళ్ళ కళ్ళముందే జరిగింది.

ఆ పక్క గోడమీద పేరు చూసి ఉలిక్కిపడ్డాను, రోహిల్లా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ. మా వైపు పెద్దవాళ్ళకు ఆ కంపెనీ తెలియకపోవడం ఉండదు. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల్లోంచి వేలాది మందిని రంగం తీసుకెళ్ళినవి ఆ కంపెనీ ఓడలే. రంగూన్‌ని మన వాళ్ళు రంగం అనేవాళ్ళు. మా అమ్మమ్మ పెదనాన్న ఒకాయన అలా రంగం వెళ్ళి మళ్ళీ రాలేదు. రోహిల్లా మన రేవులకు తిరిగింది కాదు, ఇంగ్లండుకీ ఇండియాకీ మధ్య నడవడానికి కట్టిన పెద్ద ఓడ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్పత్రి ఓడగా మార్చారు. 1914 అక్టోబర్ 30 తెల్లవారుజామున, యుద్ధం వల్ల తీరంలో దీపాలు ఆర్పేసి ఉండగా, విట్బీ పక్కనే సాల్ట్‌విక్ రాళ్ళకు కొట్టుకుని విరిగింది.

ఒడ్డుకు కొన్ని వందల గజాలే. కేకలు వినిపిస్తున్నాయి. వెళ్ళడానికి దారి లేదు. జాన్ ఫీల్డెన్ అనే తెడ్ల పడవను జనం భుజాలతో గోడ దాటించి రాళ్ళమీద ఈడ్చుకెళ్ళి 35 మందిని తెచ్చారు, ఆపైన అదీ బద్దలైంది. ఇంకో పడవను తాళ్ళతో గట్టుమీంచి కిందికి దింపారు. అదీ పనిచేయలేదు. కొందరు దూకి ఈదారు, ఊరివాళ్ళు చలినీళ్ళలో గొంతుదాకా దిగి లాక్కొచ్చారు. మూడో రోజు టైన్‌మౌత్ నుంచి ఇంజను లైఫ్‌బోట్ వచ్చి, అలలమీద నూనె పోసి, ఆఖరి 50 మందిని దింపింది. ఎనభై మందికి పైగా పోయారు. బతికినవాళ్ళలో మేరీ రాబర్ట్స్ అనే ఆవిడ అంతకు రెండేళ్ళ ముందు టైటానిక్ నుంచీ బయటపడింది. తెడ్ల పడవల కాలం అయిపోయిందని అందరికీ అర్థమైంది ఆ మూడు రోజుల్లోనే.

కాపలా ఉన్న వాలంటీరుతో మా రంగం సంగతి చెప్పాను. ఆయన జాలరి కుటుంబం. కుర్చీ తెచ్చి వేసి మొత్తం చెప్పించుకున్నాడు. "మీ తాత పేరు ఎక్కడైనా రాసి ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఇక్కడైతే రాళ్ళుంటాయి, అరిగినా ఉంటాయి. రంగం దారిలో పోయిన మన వాళ్ళకు ఏ రేవులోనూ నేను ఒక రాయి చూడలేదు.

మే 30, శుక్రవారం: కిప్పర్లు

బస్సుకు ముందు హెన్రియెట్టా స్ట్రీట్ చివరికి వెళ్ళాం. ఫార్చూన్స్ అనే కుటుంబం 1872 నుంచి అక్కడ హెర్రింగ్ చేపల్ని పొగబెడుతోంది. హెర్రింగ్ మన కవళ్ళ కుటుంబం చేపే. వీపు మీదుగా చీల్చి, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, చెక్కపొట్టు పొగమీద రాత్రంతా వేలాడదీస్తారు. అవే కిప్పర్లు. పొగగది గోడలు తారు పూసినట్టు నల్లగా మెరుస్తున్నాయి. 1787లో కొండచరియ జారి ఈ వీధిలో చాలా ఇళ్ళు పోయాయి. మిగిలినచోట ఈ వాసన.

రెండు జతలు కొన్నాం. అమ్మేవాడు కాగితంలో చుడుతూ చిన్నికి జాగ్రత్త చెప్పాడు: "పెనం మీద వేయకు, హాస్టల్లోంచి గెంటేస్తారు. పెద్ద జగ్గులో నిలబెట్టి మరిగే నీళ్ళు పోసి అయిదారు నిమిషాలు మూత పెట్టు." బస్సులో మూడు కవర్లు చుట్టినా వాసన ఆగలేదు. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగాడు, మేం క్షమాపణ చెప్పబోయేలోపు "ఎన్ని జతలు?" అని అడిగాడు. తనకు ఇచ్చే ఉద్దేశం లేదని తేలాక మళ్ళీ ముందుకు తిరిగాడు.

ఆ రాత్రి యార్క్‌లో చిన్ని వంటగదిలో జగ్గు పద్ధతే పాటించాం. ముళ్ళు తీసి, పచ్చి ఉల్లిపాయ, కారం, నిమ్మరసం కలిపాను. పప్పుచారు పెట్టాను. చిన్ని స్నేహితురాలు, తిరునల్వేలి పిల్ల, వాసనకే గదిలోంచి కంచం పట్టుకుని వచ్చింది. రెండు జతలూ ముగ్గురికి సరిపోలేదు.